కెమెరాకి కులం లేదంట! (మన మొహాలు – 6వ భాగం)

పోయిన ఆదివారం రాసిన భాగం చదివి ఒక ఫొటోగ్రాఫర్ మిత్రుడు నాకు ఒక ముక్క రాసి పంపాడు. "అన్నా, అన్నింట్లోకీ కులాన్ని లాగకు. కెమెరాకి కులం ఉండదు. సెన్సార్ వెలుతురుని లెక్కపెడుతుంది గానీ కుల సర్టిఫికెట్ అడగదు."

సగం ఒప్పుకుంటున్నా తమ్ముడూ. ఒప్పుకునే సగం ఏదో, ఒప్పుకోని సగం ఏదో ఇవాళ చెప్తా. కొంచెం టెక్నికల్‌గా ఉంటుంది, ఓపిక పట్టండి. ఫోన్ జేబులో వేసుకుని ప్రతి ధర్నాకీ, ప్రతి నిజనిర్ధారణకీ పరిగెత్తే స్టూడెంట్స్ మాత్రం మధ్యలో వదిలేయకండి. ఎందుకు అంటున్నానో ముందు చెప్తాను.

మూడేళ్ల కిందట మా జిల్లాలో ఒక ఊళ్లో మన పిల్లాడొకణ్ణి కర్రలతో కొట్టారు. గుడి ముందు బండి ఆపి ఫోన్ మాట్లాడాడు, అదీ నేరం. రాత్రికి ఆసుపత్రిలో చేర్చారు. నేను వెళ్లేసరికి పది దాటింది. చొక్కా తీయించి చూశాను. వీపు మీద నాలుగు, భుజం మీద రెండు. నల్లటి ఒంటి మీద ఊదారంగులో కమిలి, అంచుల్లో ఎర్రగా, చెయ్యి దగ్గర పెడితే వేడి తగులుతూ ఉన్నాయి. నా కళ్లతో చూశాను. ఫోన్ తీసి పదిహేను ఫొటోలు కొట్టాను. బాగానే కొట్టాననుకున్నాను.

తెల్లారి ఆ ఫొటోలు ఆఫీసరు ముందు పెడితే ఆయన అటు తిప్పి ఇటు తిప్పి, పెద్దది చేసి చూసి, "ఎక్కడయ్యా దెబ్బలు?" అన్నాడు. ఆయన్ని తిట్టుకుంటూ ఫోన్ వెనక్కి తీసుకుని నేనూ చూశాను. నిజంగానే లేవు. వీపు నున్నగా ఉంది. బూడిద రంగులో, కొంచెం పచ్చగా, బట్టల షాపు బొమ్మ వీపులాగా ఉంది. రెండు చోట్ల మరకలాంటిది కనపడుతుంది, అది నీడా దెబ్బా అంటే ప్రమాణం చేసి చెప్పలేం.

ఆ రాత్రి నుంచి నాకు కెమెరా అంటే అనుమానం మొదలైంది. నేను సైన్సు చదివినవాణ్ణి కాదు. రెండేళ్లు పట్టింది కొంచెం అర్థం కావడానికి.

ఇప్పుడు ఒప్పుకునే సగం. సెన్సార్‌కి నిజంగానే ఏమీ తెలీదు. దాని మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం జల్లెళ్లు ఉంటాయి. ఒక్కో జల్లెడ కింద ఎంత వెలుతురు పడిందో లెక్కపెట్టి అంకె రాసుకుంటుంది. అంతే. అయితే ఆ అంకెలు రంగు కాదు. అది రా ఫైలు. ఆ జల్లెళ్లు మన కంట్లో ఉన్న జల్లెళ్లలాంటివి కావు. అందుకని ఈ మూడంకెలు వస్తే దాన్ని ఏ రంగుగా చూపించాలి అని ఎవరో ఒకరు ముందే పట్టిక రాసిపెట్టాలి. ఆ పట్టికనే కలర్ ప్రొఫైల్ అంటారు. కొన్ని లెక్కల మాత్రిక, దాని మీద ఇంకో దిద్దుబాటు పట్టిక, ఆపైన వెలుగునీడల్ని ఎక్కడ లేపాలో ఎక్కడ తొక్కాలో చెప్పే ఒక వంపు గీత. ఈ మూడూ మనుషులు రాసినవి. ఏ ఒంటి రంగు "బాగుంది" అనుకున్నారో దాని ప్రకారం రాసినవి. వెలుతురు లెక్కపెట్టే దగ్గర కులం లేదు. లెక్క అయిపోయాక ఏది బాగుందో తీర్పు చెప్పే కుర్చీ ఒకటి ఉంది. ఆ కుర్చీలో ఎవడు కూర్చున్నాడన్నదే నా ప్రశ్న.

కూర్చున్నది ఎవరో చరిత్రలో ఉంది. అమెరికాలో కొడాక్ కంపెనీ 1950ల నుంచి ఫొటో ల్యాబులకి ఒక కార్డు పంపేది. అందులో ఒక తెల్లావిడ బొమ్మ. షిర్లీ కార్డు అనేవాళ్లు. ప్రింట్లు తీసే ముందు ఆ కార్డు ప్రింటు తీసి, షిర్లీ ఒంటి రంగు సరిగ్గా వచ్చిందంటే మిషను సరిగ్గా ఉన్నట్టు లెక్క. కింద "నార్మల్" అని రాసి ఉండేది. నల్లపిల్లలూ తెల్లపిల్లలూ కలిసి దిగిన క్లాసు ఫొటోల్లో నల్లపిల్లల పళ్లూ కళ్లూ తప్ప ఏమీ కనపడేది కాదు. వాళ్ల తల్లులు అడిగితే లైటింగ్ సరిగ్గా లేదన్నారు. మరి ఆ ఫిల్ము ఎప్పుడు బాగుపడింది? కెనడాలో లోర్నా రాత్ అనే ప్రొఫెసర్ కొడాక్‌లో పనిచేసినవాళ్లని కలిసి మాట్లాడి 2009లో వ్యాసం రాసింది. చాక్లెట్ కంపెనీల వాళ్లూ, చెక్క ఫర్నిచర్ కంపెనీల వాళ్లూ ఫిర్యాదు చేశాక గోధుమరంగు ఛాయల మీద కొడాక్ గట్టిగా పనిచేసిందంట. ముదురు చాక్లెట్‌కీ పాల చాక్లెట్‌కీ ఫొటోలో తేడా తెలీట్లేదని వాళ్ల బాధ. మనిషి మొహం కంటే ముందు చాక్లెట్టు మొహం బాగుపడింది. ఇది నేను కల్పించింది కాదు.

ఆ రోజుల్లోనే 1970లో పోలరాయిడ్ కంపెనీలో కారొలిన్ హంటర్ అనే కెమిస్టు, కెన్ విలియమ్స్ అనే ఫొటోగ్రాఫరు, ఇద్దరూ నల్లవాళ్లు, తమ కంపెనీ మిషన్లతో దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ల పాసుబుక్కుల ఫొటోలు తీస్తున్నారని కనిపెట్టారు. వర్ణవివక్ష రాజ్యానికి మన చేతిపని ఎందుకు పోవాలని ఉద్యమం పెట్టారు. హంటర్ ఉద్యోగం ఊడింది. ఏడేళ్లు కొట్లాడితే 1977లో కంపెనీ ఆ దేశం నుంచి బయటికొచ్చింది. గమనించండి. మామూలు ఫొటోలో మొహం కనపడనివాడు పాసుబుక్కులో మాత్రం కనపడాలి. కనపడకపోవడం, కనపడటం, రెండూ వాళ్ల అవసరాన్ని బట్టే.

"అదంతా ఫిల్ము కాలం అన్నా, ఇప్పుడు డిజిటల్" అంటారు. సరే, డిజిటల్‌కే వద్దాం. ప్రొఫైల్ తయారు చేసుకోవడానికి ప్రపంచమంతా వాడే చార్టు ఒకటుంది, కలర్ చెక్కర్ అంటారు. 1976లో మ్యాక్‌బెత్ కంపెనీ వాళ్లు చేశారు. ఇరవై నాలుగు గళ్లు. కింది వరసలో తెలుపు నుంచి నలుపు దాకా ఆరు. మిగతావి ఆకాశం, ఆకు, పువ్వు, నారింజ వగైరా. మొదటి రెండు గళ్లు మనిషి ఒళ్లు. ఒకటి "ముదురు చర్మం", రెండోది "లేత చర్మం". ప్రపంచంలో ఉన్న ముదురు ఒళ్లన్నిటికీ కలిపి ఒక్క గడి. మా అమ్మ, మా మేనమామ, ఒడిశా నుంచి ఇటుకబట్టీకొచ్చిన కూలీ, నైజీరియా విద్యార్థి, అందరూ అదే గడి. (మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చింది 1975లో. ఏడాది తేడా. ఆ క్రీము 2020లో పేరు మాత్రం మార్చుకుంది.) మనుషుల ఒళ్లకి పది ఛాయల కొలబద్ద ఒకటి గూగుల్ బయటపెట్టేసరికి 2022 వచ్చింది. దాన్ని చేసిన ఎల్లిస్ మంక్ రంగు వివక్ష మీద పనిచేసే సోషియాలజిస్టు.

ఇంకోటి, ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. బల్బు డబ్బా మీద సీఆర్ఐ 80 అనో 90 అనో మార్కు వేస్తారు. ఈ బల్బు కింద రంగులు ఎంత నిజంగా కనపడతాయో చెప్పే మార్కు. ఆ మార్కుని ఎనిమిది లేత రంగుల మీద లెక్కకట్టి సగటు తీస్తారు. ముదురు ఎరుపు తొమ్మిదో నంబరు, అది సగటులో లేదు. పదమూడో నంబరు యూరప్ ఆడమనిషి ఒంటి రంగు. జపాన్ వాళ్లు ఊరుకోకుండా తమ స్టాండర్డులో తమ ఒంటి రంగుని పదిహేనోదిగా పెట్టుకున్నారు. మనకి నంబరే లేదు.

ఇప్పుడు ఆసుపత్రి వార్డుకి తిరిగి వెళ్దాం. చవక ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటు లోపల నీలం చిప్పు, దాని మీద పచ్చటి పొడి. నీలం బాగా ఇస్తుంది, పచ్చ ఇస్తుంది, ముదురు ఎరుపు దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తుంది. పాత పిలమెంటు బల్బులో ఎరుపు దండిగా ఉండేది. నల్లటి ఒంట్లో జీవకళ అంటామే, అది ఎక్కువగా ఎరుపు వైపే ఉంటుంది. ఆ వెలుతురే లైటులో లేకపోతే ఒళ్లు బూడిదగా కనపడుతుంది. పైగా వెనక తెల్ల టైల్స్ గోడ, తెల్ల దుప్పటి. కెమెరా సగటు తీసి "అబ్బో, వెలుతురు ఎక్కువుంది" అనుకుని మొత్తం తగ్గించింది. ఆ తగ్గింపులో పిల్లాడి వీపు అడుక్కి పోయింది. అడుగున ఉన్న చోట సెన్సారుకి గరగర ఎక్కువ. ఫోను ఆ గరగరని తుడిచేస్తుంది. తుడిచేటప్పుడు చిన్న చిన్న రంగు తేడాల్ని కూడా గరగరే అనుకుంటుంది. కమిలిన దెబ్బ అంటే నల్లటి ఒంటి మీద చిన్న రంగు తేడానే కదా! అది పోయింది. ఆపైన నా ఫోన్లో బ్యూటీ మోడ్ ఆన్‌లో ఉంది. కొన్నప్పటి నుంచీ ఆన్‌లోనే ఉందంట, నాకు తెలీదు. మచ్చలు పోగొట్టడమే దాని డ్యూటీ. లాఠీ మచ్చ అయినా మొటిమ మచ్చ అయినా దానికి ఒకటే.

ఏ ఒక్క మెట్టు దగ్గరా ఎవడూ నన్ను కులం అడగలేదు. నిజమే తమ్ముడూ. ఊరి బావిలో నీళ్లకీ కులం లేదు. చేద తాడు ఎవరి చేతిలో ఉందో అక్కడుంది.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి, లేకపోతే నా మీదకే తిప్పుతారు. నలుపంటే దళితుడు, తెలుపంటే పైకులం అని నేను అనట్లేదు. మా పల్లెలో గోధుమ రంగువాళ్లున్నారు, అగ్రహారంలో కాకిలాంటివాళ్లున్నారు. థర్‌స్టన్ అనే తెల్లదొర మద్రాసు మ్యూజియంలో కూర్చుని మన తాతల ముక్కులు కొలిచి 1909లో ఏడు సంపుటాలు అచ్చేశాడు. ముక్కు కొలతతో, జాతితో కులాన్ని చెప్పే ఆ వాదాన్ని బాబాసాహెబ్ 1948లో అంటరానివాళ్ల మీద రాసిన పుస్తకంలో ఆ కొలతల లెక్కలతోనే పడగొట్టారు. కాబట్టి మన ఒంటి రంగు మన కులం కాదు. కానీ నలుపుని చూసే చూపుకి ఈ దేశంలో కులం ఉంది. నల్లగా, చొక్కా మాసి కనపడితే చాలు, "ఏ ఊరు, ఎవరి తాలూకు" అని అడిగే చూపు అది. ఎండలో నాటు వేసేవాడి రంగుకీ నీడలో లెక్క రాసేవాడి రంగుకీ మధ్య ఉన్నది శ్రమ విభజన. శ్రమజీవుల విభజన.

సినిమావాళ్ల తెలివి చూడండి. 2021లో వచ్చిన పుష్పలో కూలీ పాత్ర కోసం హీరోకి ఒళ్లంతా నల్లరంగు పూశారు. మన రంగు మేకప్ డబ్బాలో అమ్ముడుపోతుంది. ఆ రంగుతో పుట్టినవాడి మొహాన్ని మాత్రం పెళ్లి ఫొటోల స్టూడియోలో ప్రీసెట్ పెట్టి కడిగేస్తారు.

మన లోపలి సంగతి కూడా చెప్పుకోవాలి. మా నాయన పోయినప్పుడు జ్ఞాపకార్థ కూడికకి ఫ్లెక్సీ వేయించాం. పన్నెండడుగుల ఫ్లెక్సీ. ఒక చిన్న ఫొటో ఇచ్చి వచ్చాను, పొద్దున్నే షామియానా ముందు కట్టారు. మా నాయన తెల్లగా, బుగ్గలు గులాబీరంగులో, బ్యాంకు మేనేజరులా ఉన్నాడు. నలభై ఏళ్లు తోలు పనీ, పొగాకు బేరన్ల దగ్గర పనీ చేసిన మనిషి. మా పెద్దమ్మ కర్ర ఊతంగా నిలబడి చాలాసేపు చూసింది. "ఎవుర్రా ఇది? మీ నాయన పెళ్లికొడుకుగా ఉన్నప్పుడు గూడా ఇట్టా లేడు" అంది. ఏడవాల్సిన చోట నలుగురూ నవ్వారు. ఫ్లెక్సీ షాపు కుర్రాడు మన పేట వాడే. అడిగితే, "చీకటిగా ఉంటే బాగోదని ఫెయిర్ చేశాను మావయ్యా, అందరికీ అట్టాగే చేస్తా" అన్నాడు. ప్రేమతోనే చేశాడు. ఇప్పుడా ఒరిజినల్ ఫొటో కూడా దొరకట్లేదు. మా పిల్లలకి తాతయ్య అంటే ఫ్లెక్సీలో ఉన్నాయనే.

మా చెల్లెలు ఫిల్టర్ లేకుండా ఫొటో పెట్టదు. దానికి నేనేమీ చెప్పలేదు. ఇంటర్వ్యూలకీ పెళ్లిసంబంధాలకీ ఆ ఫొటో పంపేది అది, నేను కాదు. ఎవరి మొహం మీద ఎవరు ఉపన్యాసం ఇవ్వాలి? నా గొడవ ఫిల్టర్ పెట్టుకునే పిల్లతో కాదు, అడగకుండా పెట్టేవాడితో.

కాబట్టి ప్రొఫైళ్లు మనమే చేసుకోవాలి. మంత్రవిద్య ఏమీ కాదు. ఈ పని నేను నేర్చుకుని చేస్తున్నాను, మీరూ చేయగలరు. ఆ ఇరవై నాలుగు గళ్ల చార్టే వాడదాం. అందులో మనకి ఒక్క గడే ఉన్నా, పనిముట్టు పనిముట్టే. కొత్తది వేలల్లో ఉంటుంది, పది మంది కలిసి ఒకటి కొనండి. దయచేసి ఇంటి ప్రింటర్‌లో అచ్చుతీసి వాడకండి. ఆ ఇంకు రంగులు కంటికి అలాగే కనిపించినా సెన్సారుకి వేరేగా కనిపిస్తాయి, ప్రొఫైల్ మొత్తం వంకర పోతుంది.

చార్టుని ఏ వెలుతురులో వాడతామో ఆ వెలుతురులోనే పెట్టి రా ఫైలు తీయాలి. చాలా ఫోన్లలో ప్రో మోడ్‌లో రా ఉంటుంది, వెతకండి. చార్టు మీద మెరుపు పడకూడదు, సగం నీడ సగం ఎండ ఉండకూడదు, తెల్లగడి కాలిపోకూడదు. ఆ ఫైలుని డీఎన్‌జీగా మార్చి అడోబ్ వాళ్ల ఉచిత ప్రొఫైల్ ఎడిటర్‌కి ఇస్తే గళ్లు ఎలా రావాలో ఎలా వచ్చాయో పోల్చుకుని పట్టిక రాసిస్తుంది. సాధారణంగా రెండు వెలుతుర్లకి చేసి కలుపుతారు. ఒకటి పిలమెంటు బల్బు, 2856 కెల్విన్. రెండోది పగటి వెలుతురు, 6500 కెల్విన్. మధ్యలో ఏ వెలుతురు వచ్చినా ఈ రెండింటి మధ్య లెక్క కట్టుకుంటుంది. సాయంకాలం గుడిసె ముందు బల్బు వెలిగిన వేళకి ఇది చక్కగా పనిచేస్తుంది. ఎల్‌ఈడీకి పనిచేయదు. దాని కెల్విన్ అంకె పగటిదిలాగే ఉండొచ్చు, లోపల ఎరుపు లేదు కదా! అందుకని ఆసుపత్రి ట్యూబ్‌లైటుకి ఒకటి, వీధి ఎల్‌ఈడీకి ఒకటి, విడివిడిగా చేసుకోండి. వైట్ బ్యాలెన్స్ సరిచేస్తే చాలదా అంటారు. అది తెల్లదాన్ని తెల్లగా చేస్తుంది, అంతే. తెల్లగోడ సరిగ్గా వచ్చిన ఫొటోలో మనిషి ఒళ్లు పాచిపట్టినట్టు ఉండొచ్చు.

ప్రొఫైల్ చేయలేని పనులు కూడా ఉన్నాయి. పాత సోడియం దీపం కింద పచ్చటి వెలుతురు తప్ప వేరే రంగు దాదాపు లేదు. లేని రంగుని ఏ పట్టికా పుట్టించదు. ఏప్రిల్ 14 రాత్రి మనవాళ్లు స్టేజీ నిండా నీలం లైట్లు కొడతారు, అభిమానం అలాంటిది. ఉపన్యాసకుల మొహాలన్నీ సిరాబుడ్డిలో ముంచినట్టు వస్తాయి, నీలం అంకె నిండిపోయి తిరిగి రాదు. నీలం లైట్లు వెనక తెర మీద, విగ్రహం మీద కొట్టుకోండి. మైకు ముందు మాత్రం ఒక మంచి తెల్ల లైటు, పెద్దదిగా, పక్కనుంచి పెట్టమని షామియానా వాడికి చెప్పండి. నల్లటి ఒంటికి ఎదురు ఫ్లాషు శత్రువు. పక్క నుంచి పడే వెడల్పాటి వెలుతురులో ఆ ఒంటి మెరుపే అందం.

ప్రొఫైల్ సరిపోయిందో లేదో చార్టు చెప్పే అంకెలతో ఆగకండి. అయిదుగురు మనుషుల్ని, అయిదు ఛాయల వాళ్లని, పక్కన చార్టు పట్టుకోబెట్టి తీయండి. ఫొటో వాళ్లకే చూపించండి, "ఇది నీ రంగేనా?" అని అడగండి. మా పల్లెలో ఒకావిడ తన చెయ్యిని స్క్రీన్ పక్కన పెట్టి చూసుకుని, "ఇంకా కొంచెం ఎరుపుండాలబ్బాయ్" అంది. ఆవిడ చెప్పింది కరెక్టు. దిద్దాను.

కేసుల కోసం తీసేటప్పుడు ఇంకొంచెం జాగ్రత్త. ముందు బ్యూటీ మోడ్ తీసేయండి. దెబ్బ పక్కన స్కేలు, గ్రే కార్డు పెట్టి ఒకటి, అవి లేకుండా ఒకటి, దూరం నుంచి మొత్తం ఒళ్లు ఒకటి తీయండి. వీలైతే పగలు, కిటికీ పక్కన. మచ్చ మర్నాటికీ మూడో నాటికీ రంగు మారుతుంది, అందుకని మళ్లీ వెళ్లి తీయాలి. ఒరిజినల్ రా ఫైలుని ముట్టుకోకండి. ప్రొఫైల్ దాని పక్కన కూర్చుంటుంది, ఫైలుని మార్చదు. ఫిల్టర్ కొట్టిన జేపెగ్ అయితే తుడిచింది మళ్లీ రాదు, కోర్టులో ఎదుటి లాయరు ఆ ఒక్క ముక్క పట్టుకుంటాడు. అట్రాసిటీ చట్టానికి 2015 సవరణలో వచ్చిన 15ఎ సెక్షన్ ప్రకారం కేసు ప్రొసీడింగ్స్ అన్నీ వీడియో రికార్డు చేయాలి. అది చేయమని అడగండి. చేసే కెమెరా ఏ లైటు కింద పెట్టారో కూడా అడగండి.

అడగాల్సింది ఇంకా పెద్దది ముందుంది. 2018లో జాయ్ బులంవినీ, టిమ్నిట్ గెబ్రూ మొహం చూసి ఆడా మగా చెప్పే సాఫ్ట్‌వేర్లని పరీక్షించారు. తెల్ల మగవాళ్ల దగ్గర తప్పు నూటికి ఒకటి కూడా లేదు. నల్ల ఆడవాళ్ల దగ్గర 34.7 శాతం దాకా పోయింది. మన దగ్గర హాజరుకి మొహం, పెన్షన్‌కి మొహం, పోలీసు ఫోన్లో మొహం అంటున్నారు. ఉపాధి పనిలో మిట్టమధ్యాహ్నం తలగుడ్డ నీడలో ఉన్న మా అత్త మొహాన్ని ఆ యాప్ గుర్తుపట్టకపోతే మస్టర్ ఎవరి ఖాతాలో పోతుంది? దీని మీద విడిగా రాస్తాను, ఒక భాగం చాలదు.

ఆ పిల్లాడి సంగతి. మూడో రోజు పొద్దున్నే మళ్లీ వెళ్లాను. అప్పటికి నాకు ప్రొఫైల్ అంటే ఏంటో తెలీదు. తెల్ల కాగితం, పదిహేను సెంటీమీటర్ల బడి స్కేలు, ఒక స్నేహితుడి దగ్గర అరువు తెచ్చిన కెమెరా. కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. దెబ్బలు అప్పటికే ఊదా నుంచి పసరు రంగులోకి తిరుగుతున్నాయి. రా ఫైళ్లు తీసి దాచాను. రెండేళ్ల తర్వాత అదే కిటికీ దగ్గర, అదే వేళకి, అదే కెమెరాతో చార్టు పెట్టి ప్రొఫైల్ చేసి ఆ ఫైళ్లు తెరిచాను. నాలుగు కనపడ్డాయి. భుజం మీద రెండూ కూడా. ఒరిజినల్స్, ప్రింట్లు, ఎలా చేశానో రాసిన కాగితం మా లాయరుకి ఇచ్చాను. వాయిదా వచ్చే నెల 11న.

మిగతాది వచ్చే ఆదివారం.

జై భీమ్.